దాపటెద్దు విన్న గొంతు

హామ్ బాంగ్‌సు పాడేది ఎద్దులకి. మనుషుల కోసం ఒక్క పాటైనా పాడగా నేను వినలేదు. పెళ్ళిళ్ళలో మక్కొల్లి అనే బియ్యపు కల్లు గిన్నె చేతికిచ్చి పాడమని పదిమందీ మీద పడితే, గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "కాడేదిరా ఇక్కడ? కాడి లేకుండా ఎలా పాడతాను?" అనేవాడు. మర్నాడు పొద్దున కొండవాలు మీద నాగలి పట్టాడంటే మాత్రం, ఆ గొంతు కింద మడుల దాకా దిగేది. బావి దగ్గర నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళం చేదతాడు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాళ్ళం.

నేను సంచోన్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. ఇక్కడ పెళ్ళై వచ్చిన ఆడదానికి సొంత పేరు పోతుంది, పుట్టింటి ఊరే పేరవుతుంది. అరవై ఏళ్ళుగా ఊరందరికీ నేను సంచోనమ్మనే. ఒక్క హామ్ బాంగ్‌సు మాత్రం "మరదలా" అని పిలిచేవాడు. మా ఆయన తక్ చున్‌సామ్ అతన్ని అన్నా అనేవాడు కాబట్టి నాకు బావగారు. రక్తసంబంధం ఏమీ లేదు. ఉన్నదల్లా కాడి సంబంధం.

అదేం చిన్న సంబంధం కాదు. మా కొండ నేలలో రాళ్ళకి ఒక్క ఎద్దుతో దుక్కి సాగదు, ఇంటికి రెండెద్దుల్ని మేపే తాహతు ఎవరికీ ఉండేది కాదు. అందుకని రెండిళ్ళవాళ్ళు చెరో ఎద్దునీ పెంచి ఒకే కాడికి కట్టేవాళ్ళు. ఇవాళ వాళ్ళ పొలం, రేపు వీళ్ళ పొలం. నన్ను కోడలిగా ఖాయం చేసుకోవడానికి మా అత్తగారికి ఒక్క పూట పట్టింది. కాడికి జత ఎవరో తేల్చుకోడానికి మా మామగారికి రెండేళ్ళు పట్టిందని ఆవిడే చెప్పి నవ్వేది.

మా ఎద్దు దాపటిది, అంటే ఎడమ వైపుది. బావగారిది వలపటిది. దాపటెద్దు మాట వినాలి, వలపటెద్దు బలం పెట్టాలి. చాలు తప్పకుండా నడవడం, చివర తిరగడం, ఆగమన్నప్పుడు ఆగడం అన్నీ దాపటిదానికే తెలియాలి. వలపటిది పక్కదాన్ని చూసి నడుస్తుంది. ఒకరకంగా మా ఇద్దరు మగాళ్ళూ అంతే. కాకపోతే అక్కడ దాపట నడిచింది బావగారు, చూసి నడిచింది మా ఆయన. మా ఆయన జన్మలో మేడి పట్టి నాలుగు చాళ్ళు తిన్నగా దున్నినవాడు కాదు. నాగలి వెనక గడ్డలు కొట్టేవాడు, అది బాగానే కొట్టేవాడు.

మా ఎద్దు దూడగా ఉన్నప్పుడు రాక్షసి. ముక్కు కుట్టబోతే మా ఆయన్ని గోడకేసి నొక్కింది. ఆ ఏడు చలికాలం బావగారే పూనుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కొండ మీంచి జునిపర్ చెట్టు కొమ్మ తెచ్చి, బెరడు తీసి, నా గంజి కాగు ఆవిరి మీద కొంచెం కొంచెంగా వంచి ముక్కు ఉంగరం చేశాడు. "మంట ఎక్కువ పెట్టకు మరదలా, విరిగిందంటే మళ్ళీ కొండెక్కాలి" అని నన్ను సాధించాడు. దూడ ముక్కు కుట్టి, పుండుకి సోయా ముద్ద రాసి, ఉంగరం తొడిగాక మూడు రోజులు తాడు కట్టలేదు. ఊరికే దాని పక్కన కూర్చుని మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాడో నాకు తెలుసు. మా ఇళ్ళలో ఎద్దుల కొట్టం వంటింటిని ఆనుకునే ఉంటుంది, మధ్య గోడ ఉండదు. నేను పొయ్యి ముందు కూర్చుంటే అది గాడి మీంచి మెడ చాచి నా కొప్పు వాసన చూసేది. బావగారు దానికి వాతావరణం చెప్పేవాడు, చచ్చిపోయిన తన పెళ్ళాం కబుర్లు చెప్పేవాడు, మా ఆయన మీద చాడీలు చెప్పేవాడు.

"మీ యజమాని ఇంకా పడుకునే ఉన్నాడ్రా. వాడి కంటే నువ్వే నయం."

"వినపడుతోంది అన్నా!" అని లోపల్నుంచి మా ఆయన అరిచేవాడు.

తర్వాత మంచు దట్టంగా పడ్డాక బయటికి తీశాడు. మంచులో అయితే పడ్డా దెబ్బ తగలదని అతని లెక్క. ముందు ఉత్త కాడి, తర్వాత ఒక దుంగ, ఆ తర్వాత చెక్క ఈడుపుబండి మీద ఒక రాయి, రెండు రాళ్ళు. "ఇర్యా" అంటే నడవాలి. "వా" అంటే ఆగాలి. కర్ర ఎత్తేవాడే కాదు. తప్పు చేస్తే మాట మానేసి నిలబడేవాడు. ఆ మాటలు ఆగిపోవడమే దానికి శిక్ష. కాసేపు చూసి, చెవులు తిప్పి, తనంతట తనే మళ్ళీ చాల్లోకి వచ్చేది. మూడు చలికాలాలు అలా నేర్పాడు. గడ్డి అల్లి తన ఎద్దుకి దుప్పటి చేస్తే మా ఎద్దుకీ చేసేవాడు, దారి గడ్డకట్టినప్పుడు వేసే గడ్డి చెప్పులు కూడా నాలుగు కాదు, ఎనిమిది అల్లేవాడు. తొమ్మిది వసంతాలు ఆ జత దున్నింది. పాట అంతా వాటికి చెప్పే మాటలే: "దాపటోడా, అడుగు నెమ్మది, ముందు రాయుంది... వలపటోడా, భుజం వంచు, పక్కోడి మీద వాలకు..."

ఎనిమిదో ఏట ఆ రాయి నిజంగానే తగిలింది. బావగారి వాలు మీద, మట్టి కింద దాక్కున్న బండ. నాగలి దానికి పట్టేసింది, మా ఎద్దు మోకాళ్ళ మీద పడింది, ఎడమ భుజం బెణికింది. నెల రోజులు బావగారు రోజూ వచ్చి మాచిపత్రి ఉడికించి కాపడం పెట్టాడు. ఎద్దు లేచింది, మళ్ళీ దున్నింది. కానీ మా ఆయన మనసులో ఆ బండ అలాగే ఉండిపోయింది.

"వాడి పొలమంతా రాళ్ళు. మన మడి దున్నడానికి రెండు రోజులు, వాడి కొండ గోకడానికి ఆరు రోజులు. ఎవడి ఎద్దు అరిగిపోతోందే?" అనేవాడు.

"ఆ ఎద్దుని ఎద్దుగా చేసిందెవరయ్యా?" అనేదాన్ని.

"అందుకని జన్మంతా రాసిచ్చేయాలా?"

అబద్ధం చెప్పను, ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ సందులోంచే మిల్లు ఓక్ దూరాడు. ఓక్ బ్యోంగ్‌తే బియ్యపు మిల్లు యజమాని, కాలవ తూము అతని చేతిలో ఉండేది. మా మడి కాలవ చివరిది. అందరి నారూ ఆకుపచ్చగా అయ్యాక గానీ మాకు నీళ్ళు వచ్చేవి కావు. అతని దగ్గర బలిసిన వయసు ఎద్దు ఒకటి ఉంది, బలమే తప్ప బుద్ధి లేదు. దానికి మాట తెలిసిన దాపటెద్దు కావాలి. జత కడితే ఈ ఏటి నుంచీ నీళ్ళు ముందు మీకేనన్నాడు. మా ఆయన తల ఊపి వచ్చాడు. బావగారికి మాత్రం చెప్పలేదు.

కొత్త ఏడు మొదటి పౌర్ణమినాడు ఏటా రెండు ఎద్దుల్నీ మా వాకిట్లో నిలబెట్టి, చేటలో అన్నం, ఆకుకూరలు పెట్టి, ముందు దేన్ని తింటాయో చూసేవాళ్ళం. అన్నం తింటే వరి బాగా పండుతుందని. ఆ ఏడు మా ఆయన, "ఈసారి ఎవరింట్లో వాళ్ళం పెట్టుకుందాం అన్నా, దీనికి కాస్త నలతగా ఉంది" అని కబురు చేశాడు. బావగారు నలత అన్న మాట విని మాచిపత్రి కట్ట పట్టుకొచ్చాడు. ఎద్దు దర్జాగా చేట మొత్తం నాకేస్తోంది. అతను ఎద్దుని చూశాడు, నన్ను చూశాడు, కట్ట గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ కట్ట తీసుకెళ్ళి చూర్లో దోపాను.

దుక్కి మొదలు కావడానికి ముందురోజు మా ఆయన, "వెళ్ళి అన్న దగ్గర కాడి పట్రా. పలుపు మార్చాలట అని చెప్పు" అన్నాడు.

"నువ్వే వెళ్ళు."

"నీకైతే ఇస్తాడు."

అదీ సంగతి. నాకైతే ఇస్తాడు. ఆ కాడి బావగారు చెక్కింది, తొమ్మిదేళ్ళుగా రెండు మెడల కొలతకీ కాస్త కాస్త చెక్కుతూ వచ్చినది. వెళ్ళి అడిగాను. పలుపు మార్చాలట అన్నాను. అతను కాడి కిందికి దించి పలుపు వేళ్ళతో తడిమాడు. అది కొత్తదే.

"ఆగు మరదలా" అని లోపలికి వెళ్ళి, పాత జనపబట్ట ఒకటి తెచ్చి, దాపట వైపు కాడికి మూడు చుట్లు చుట్టి కట్టాడు. "దానికి ఈ పక్క రాపిడి ఉంది. పుండు పడుతుంది."

నా ఎత్తు కన్నా పొడుగున్న ఆ కాడి భుజాన పెట్టుకుని కిందికి దిగాను. దారిలో ఎవరైనా ఎదురై ఎక్కడికని అడుగుతారేమోనని భయం వేసింది. ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారు తన వలపటెద్దుని తోలుకుని మా వాకిట్లోకి వచ్చాడు, తొమ్మిదేళ్ళుగా వస్తున్నట్టే. మా కొట్టం ఖాళీగా ఉంది.

"చున్‌సామ్ ఏడీ మరదలా?"

నేను గంజి కాగు తోముతున్నాను. తోముతూనే ఉన్నాను. అంతలో మిల్లు వైపు మడుల్లోంచి ఓక్ పాలేరు గొంతు, వాడి అదిలింపులు వినపడ్డాయి. బావగారు అటు తిరిగి చాలాసేపు విన్నాడు. అతని ఎద్దు మాత్రం ఏటా నిలబడే చోటే, ఎడమ పక్క ఖాళీ వదిలి, నిలబడింది. పక్కకి ఎవరో వస్తారని దానికి ఇంకా నమ్మకం. ఆ ఖాళీ చూసి నాకు దుఃఖం ఆగలేదు.

"సరేలే" అన్నాడు బావగారు. తాడు పట్టుకుని ఎద్దుని వెనక్కి తిప్పాడు. అది తిరగడానికి ఒప్పుకోలేదు, లాక్కుని వెళ్ళాల్సి వచ్చింది.

వసంతం చివరి వానలు పడేలోపు వాలు దున్ని మొక్కజొన్న, బంగాళాదుంప వేయకపోతే ఆ ఇంట్లో ఏడాదంతా తినడానికి ఏమీ ఉండదు. ఆపాటికి ఊళ్ళో జతలన్నీ కట్టేసి ఉన్నాయి, అతని ఎద్దుతో కలిసే ఎద్దు లేదు. అతను ఒంటి కాడి చెక్కుకుని, ఆ వయసులో ఆ వలపటెద్దుకి మాటలు నేర్పడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక పక్కదాన్ని చూసి నడవడమే తప్ప దానికి ఇంకేం తెలుసు? "ఇర్యా" అంటే ఎడమ పక్కకి చూసేది. "వా" అంటే ఎడమ పక్కకి చూసేది. కింద బావి దగ్గర మగాళ్ళు నవ్వుకున్నారు.

ఆ నవ్వు రెండో రోజుకే ఆగిపోయింది. వాలు మీద బావగారు "వా" అన్నాడు, కింద ఓక్ మడిలో మా ఎద్దు ఠక్కున ఆగింది. పక్కనున్న వయసెద్దు ముందుకి లాగింది, నాగలి పక్కకి ఒరిగి చాలు పాడైంది. పాలేరు కర్ర తీశాడు. మా ఎద్దు కదిలితే ఒట్టు. పైన "ఇర్యా" అనేదాకా అలాగే నిలబడింది. మూడో రోజూ అదే. నాలుగో రోజు ఒక్క పూటలో పదిసార్లు ఆగింది.

"కుళ్ళుతో చేస్తున్నాడు. మన దుక్కి చెడగొట్టాలని చూస్తున్నాడు" అన్నాడు మిల్లు ఓక్. మా ఆయన నావైపు తిరిగాడు.

"వెళ్ళి ఆయన్ని మూడు రోజులు నోరు మూసుకోమని చెప్పు. బతిమాలు. నీ మాటైతే వింటాడు."

"నీ సిగ్గు ఏ గాట్లో కట్టేశావయ్యా?" అన్నాను. అన్నాను గానీ వెళ్ళాను. ఆ మనిషికి అన్నం తీసుకెళ్ళే వంక పెట్టుకుని, ఉడికించిన దుంపలు నాలుగు, కిమ్చీ పచ్చడి మూటగట్టుకుని కొండెక్కాను.

అతను నాగలి ఆపి, చాలు గట్టున కూర్చుని ఉన్నాడు. మూట తీసుకున్నాడు, విప్పలేదు.

"నోరు మూసుకోమన్నారా?"

ఇంక దాచి లాభం లేదు. "బావగారూ, కాడి పట్టుకెళ్ళినప్పుడు నాకు తెలుసు. తెలిసే అడిగాను" అన్నాను.

"తెలుసనే అనుకున్నాను."

"ఎలా?"

"నువ్వెప్పుడూ వంటింటి వైపు నుంచి వస్తావు, అరుచుకుంటూ. ఆరోజు వీధి గుమ్మంలో నిలబడి పిలిచావు, చుట్టపుచూపుగా."

నాకు నేల చీలితే బావుండుననిపించింది. "మరి ఎందుకిచ్చారు?"

"ఇవ్వకపోతే కొత్తది చేయించుకుంటారు. కొత్త కాడి దాని మెడకి కోసుకుంటుంది. ఇది దానికి అలవాటైన చెక్క." మూట పక్కన పెట్టి, "అయినా మర్నాడు వచ్చాను కదూ. నేను అనుకున్నది తప్పైతే బావుండునని వచ్చాను" అన్నాడు.

తర్వాత అతనే చెప్పాడు. మొదటిసారి తన ఎద్దుని ఆపబోతే కింద మా ఎద్దు ఆగింది, అలా ఆగుతుందని అతనికే తెలియదు. రెండోసారి కావాలనే అరిచాడు. "అబద్ధం ఎందుకు, కసి తీరా అరిచాను. మీ ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే కడుపు నిండింది." ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మూడో రోజు చూశాను, దాని భుజం పడిపోతోంది. రాయి తగిలినప్పటి నుంచీ నాలుగు చాళ్ళకోసారి దాన్ని ఆపుతాను మరదలా. పది ఊపిర్లు నిలబెట్టి మళ్ళీ తోలతాను. నాగలి పట్టినవాడికే తెలుస్తుంది అది, చున్‌సామ్‌కి తెలీదు. ఆ పాలేరుకి అసలే తెలీదు. అందుకని ఇక్కణ్ణుంచి చాళ్ళు లెక్కపెట్టి నేనే ఆపుతున్నాను."

నేను కింద మడి వైపు చూశాను.

"నేను నోరు మూసుకుంటాను. చున్‌సామ్ అడగలేదు, నువ్వడిగావు కాబట్టి. కానీ ఒక్కటి చెప్పు వాళ్ళకి. నాలుగు చాళ్ళకోసారి ఆపమను. అంతే. చెబుతావుగా?"

"చెబుతాను" అన్నాను.

నేను దిగేసరికి ఓక్, మా ఆయన గట్టు మీద భోజనం చేస్తున్నారు. ఓక్ ఇంటి నుంచి చేపల పులుసు వచ్చింది. మా ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏమన్నాడే?"

"మాట్లాడనన్నాడు."

"చూశారా, నేను చెప్పలేదూ?" అన్నాడు మా ఆయన ఓక్ వైపు తిరిగి. "ఇంకేమైనా అన్నాడా?"

అదీ ఆ క్షణం. ఓక్ నావైపే చూస్తున్నాడు. ఇప్పుడు బావగారి తరఫున ఎద్దు గురించి పాఠం చెబితే, పరాయివాడి ముందు మా ఆయన నన్ను కసురుతాడు, నాలుగు రోజులు ముఖం మాడ్చుకుంటాడు. భోజనాలయ్యాక, ఓక్ వెళ్ళాక, మెల్లగా చెబుదామనుకున్నాను.

"ఇంకేం లేదు" అన్నాను.

మధ్యాహ్నం దుక్కి సాఫీగా సాగింది. పైన వాలు మీద బావగారు మాట లేకుండా, తాడు పట్టుకుని ముందు నడుస్తూ, తన ఎద్దుని చాలు వెంట తీసుకెళ్తున్నాడు. లోయంతా నిశ్శబ్దం. మా ఎద్దు చాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక చెవి కొండ వైపు తిప్పేది. గిన్నెలు కడుగుతూ చూస్తున్నాను. ఆగమన్న మాట రాలేదు కాబట్టి ఆగలేదు. అలా నేర్పిన ఎద్దు మరి. ఆరు చాళ్ళు, ఎనిమిది, పన్నెండు. ఓక్ ఇంకా వెళ్ళలేదు. వెళ్ళాక చెబుదామని నేను ఇంకా గిన్నెలు కడుగుతూనే ఉన్నాను.

పదహారో చాల్లో ఎడమ భుజం లోపలికి కుంగింది. వయసెద్దు ముందుకి లాగింది. మా ఎద్దు కాడితో సహా పక్కకి ఒరిగి బురదలో పడింది. అప్పుడు పైనుంచి "వా!" అన్న కేక వినపడింది. పడి ఉన్న ఎద్దు ఆ కేకకి తల ఎత్తింది. లేవలేకపోయింది.

అతను నాగలి వదిలేసి కొండ దిగి పరిగెత్తుకొచ్చాడు. పలుపు కోసి, కాడి తప్పించి, బురదలో కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. భుజం కీలు తప్పింది. ఇంక కాడి మోసేది కాదని చేత్తో తడిమి అతనే చెప్పాడు. తర్వాత మా ఆయన వైపు తలెత్తాడు.

"నాలుగు చాళ్ళకోసారి ఆపమన్నాను కదరా."

"ఎవరికి చెప్పావు? నాకెవరు చెప్పారు?" అన్నాడు మా ఆయన. నిజంగానే అతనికి తెలియదు.

బావగారు మెల్లగా నావైపు తిరిగాడు. నా చేతిలో గిన్నె ఉంది. తిట్టినా బావుండేది. అతను తల దించుకుని, ఎద్దు చెవిలోకి వంగి, చలికాలంలో మా కొట్టంలో మాట్లాడినట్టు, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు వినపడకుండా చెప్పాడు.

ఆ ఎద్దుని మర్నాడు కసాయివాడు తోలుకుపోయాడు. నీళ్ళు ఆ ఏడు మాకు ముందే వచ్చాయి, వరి బాగా పండింది, ఆ అన్నం నేను తిన్నాను. బావగారు మాట లేకుండానే సగం వాలు దున్ని, సగం బీడు వదిలేశాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికాడు. ఎన్నో ఇళ్ళ దూడలకి ముక్కు కుట్టాడు, ఉంగరాలు వంచాడు, కాడి నేర్పాడు, అన్నీ తాడుతోనే. పాడగా మళ్ళీ ఎవరూ వినలేదు. మా ఆయనతో మాత్రం రెండేళ్ళకే కలిసిపోయాడు. పెళ్ళిళ్ళలో పక్కపక్కనే కూర్చుని తాగేవాళ్ళు. చున్‌సామ్ అలాంటివాడేనని అతనికి ముందే తెలుసు కాబోలు.

నాతోనూ బాగానే ఉండేవాడు. బావి దగ్గర ఎదురైతే పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు, పిల్లలు ఎలా ఉన్నారని అడిగేవాడు.

"బావున్నావా, సంచోనమ్మా?" అనేవాడు, ఊరందరిలాగే.